చెట్టుకింద సర్వసభ్య సమావేశం

మా అక్కను నిద్రపుచ్చాలని మా భవన నివాసుల సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఒక మనిషి నిద్ర కోసం ఇంతమంది పెద్దలు పొద్దుపోయేదాకా మేలుకొని గొంతులు చించుకోవడం మరెక్కడా జరిగి ఉండదు. ఆ చర్చ అక్క పడకగది కిటికీ కిందే జరిగింది.

అక్క పెద్దాసుపత్రిలో మందులిచ్చే కౌంటరులో పనిచేస్తుంది. ఆమె భర్త, అంటే మా బావగారు, సంఘానికి అధ్యక్షులు. వాళ్ల ఇంటికి ఒక పక్క లిఫ్టు మోటారు, ఇంకో పక్క సంఘం కార్యాలయం, నెత్తిన నీళ్ల ట్యాంకు. కొన్ని నెలలుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఈ మధ్య దగ్గుమందు కోసం వచ్చిన ముసలాయన చేతిలో గుండెజబ్బు మాత్రలు పెట్టబోయింది. పక్క కౌంటరామె చూసి ఆపింది కాబట్టి ఆయన ఇంకా హాయిగా దగ్గుతూనే ఉన్నాడు. పెద్ద డాక్టరు అక్కను పిలిచి సెలవిచ్చాడు. కంటినిండా నిద్రపోయి రమ్మని, ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం మాట అటుంచి ఎవరి ప్రాణమో పోతుందని చెప్పాడు. ఆ రోజు అక్క మా ఇంటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నాకు మందు పట్టిన చెయ్యి, మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేక జారవిడిచింది.

బావగారి మనసు కరిగింది. అడవిలో చెట్లమీద కట్టిన విడిది ఒకటుందని, అక్కడ కరెంటు లేదని, ఫోన్లు పనిచెయ్యవని ఆయనే కనుక్కున్నారు. తీరా బయల్దేరే ముందు, తాను లేకపోతే సంఘం దిక్కులేనిదైపోతుందని బెంగపెట్టుకున్నారు. అందుకని సంఘాన్ని కూడా వెంటబెట్టుకున్నారు. కార్యదర్శి కుటుంబం, కోశాధికారి కుటుంబం, మిగతా సభ్యులు, చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా బస్సెక్కారు. అక్కకు తోడని నేనూ ఎక్కాను.

విడిది యజమాని ఒకప్పుడు ప్రకటనల కంపెనీలో ఉండి జనం చేత లేనిపోని సబ్బులు కొనిపించినవాడు. ఇప్పుడు చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు. తన దగ్గర ఏమేమి లేవో మాకు గర్వంగా వివరించాడు. ఫ్యాను లేదు. కుళాయి లేదు. తలుపుకు గడియ లేదు. నీళ్ల బకెట్టును గిలక మీద ఎవరికి వారే పైకి లాక్కోవాలి. మరుగుదొడ్డిలో నీళ్లకు బదులు గుప్పెడు రంపపుపొట్టు చల్లాలి. ఇవేవీ మా పనిమనిషి ఇంట్లో కూడా లేవే అని కోశాధికారి భార్య ఆశ్చర్యపోయింది. పనిమనిషి ఇంట్లో ఉన్నామని చెప్పుకుంటే ఎవరూ కుళ్లుకోరు కదా అని భర్త సర్దిచెప్పాడు.

అక్కకు ఇచ్చిన ఇల్లు అన్నిటికన్నా పెద్ద చెట్టుమీద ఉంది. ఆకులమీద వాన పడుతుంటే వింటూ చాపమీద ఒరిగింది, అంతే, మధ్యాహ్నమంతా గురకపెట్టి నిద్రపోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఆ గురక విన్నాను. ఎవరి గురకైనా అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు, కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి సంఘం చేతులు ఊరుకోలేదు. చెట్లను ఏ బ్లాకు, బి బ్లాకుగా విభజించి మొదళ్లకు నంబర్లు మేకులతో కొట్టారు. ఒకరి చెట్టు ఆకులు ఇంకొకరి వసారాలో రాలుతున్నాయన్న ఫిర్యాదు మీద ఆ చెట్టువారిని గట్టిగా మందలించారు. అనుమతి లేకుండా అరుస్తున్న కప్పలను అదుపు చెయ్యడానికి ఇద్దరు సభ్యులు డబ్బా కొట్టుకుంటూ గుంట చుట్టూ తిరిగారు. కప్పలు ఊరుకున్నాయి, డబ్బా ఊరుకోలేదు. అక్క లేచి కూర్చుంది.

మర్నాడు కోశాధికారి భార్య ఇంకా పెద్ద మేలు చేసింది. అక్క ఇంటి కప్పు మీదికి వంగిన కొమ్మ ఎక్కితే ఫోనుకు సిగ్నల్ వస్తోందని కనిపెట్టింది. ఆ కబురు తెలిసిన కాసేపటికి నిచ్చెన వచ్చింది, నిచ్చెన కింద క్యూ వచ్చింది, క్యూలో తమ చోటు పోకుండా సభ్యులు చెప్పులు వదిలి టిఫిన్లకు వెళ్లడం మొదలైంది. ఒక్కొక్కరే అక్క నెత్తిమీద నిలబడి, ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, ఇంత ప్రశాంతత జన్మలో చూడలేదు, వినిపిస్తోందా, ప్రశాంతత, ప్ర, శాం, త, త, అంటూ ఊళ్లోని చుట్టాలందరికీ అరిచి చెప్పారు.

అరిచేకొద్దీ ఫోన్లలో ఛార్జింగు అయిపోతుంది కదా. జనరేటరు తెప్పించారు. కరెంటు లేకపోవడమే తన విడిది ప్రత్యేకతని యజమాని లబోదిబోమన్నాడు. కరెంటు లేని జీవితాన్ని ఫొటోలు తీసి పదిమందికీ చూపించకపోతే ఆ ప్రత్యేకత ఎవరికి తెలుస్తుందని కార్యదర్శి నిలదీశాడు. ప్రకటనల మనిషి కాబట్టి యజమానికి ఆ మాటలో న్యాయం వెంటనే బోధపడింది. ఫోన్లవాళ్లకు దగ్గరగా ఉంటుందని జనరేటరును అక్క చెట్టు మొదట్లోనే బిగించారు. అది మొదలయ్యాక ఇల్లంతా, ఇంట్లోని చాపతో సహా, జ్వరమొచ్చినట్టు వణికింది.

అక్క నిచ్చెన దిగి బావగారి ముందు నిలబడింది. "ఏమండీ, నాకు ఇంకేమీ వద్దు. నన్ను ఒక్క రాత్రి పడుకోనివ్వండి, చాలు" అంది.

బావగారు చలించిపోయారు. అప్పటికప్పుడు చెట్టుకింద సర్వసభ్య సమావేశం పిలిచారు. జనరేటరు మోతలో వినపడదని మైకు పెట్టించుకున్నారు.

"సోదర సోదరీమణులారా, నిద్ర అనేది ప్రతి సభ్యుడి జన్మహక్కు. ఈ మహత్తర ఆశయం కోసం మనం ఇల్లూ వాకిలీ వదిలి అడవులు పట్టి వచ్చాం. నా సతీమణి కళ్లు మూసుకునేదాకా ఈ సంఘం విశ్రమించదని సభాముఖంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. నిశ్శబ్ద పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. మాట్లాడేవాళ్లు ఎక్కడ కనబడినా ఈల ఊది హెచ్చరించే పని వాచ్‌మన్‌కు అప్పగించారు. పాపం, అతను విధినిర్వహణలో లోపమెరుగనివాడు.

ఇక లాభం లేదని మర్నాడు పొద్దున్నే అక్కను బస్సెక్కించి ఇంటికి తీసుకొచ్చేశాను. భవనం ముందు దిగి ఇద్దరం నోళ్లు వెళ్లబెట్టాం. లిఫ్టు ఎక్కేవాళ్లు లేరు. ట్యాంకు నింపమని అరిచేవాళ్లు లేరు. సంఘం కార్యాలయానికి తాళం వేసి ఉంది. అక్క మెట్లెక్కి, తలుపు తీసి, చెప్పులైనా విప్పకుండా మంచమ్మీద వాలింది. ఆ పగలంతా పడుకుంది, రాత్రంతా పడుకుంది. మర్నాడు లేచి కాఫీ తాగి, ముఖం తేటపడి, నన్ను చూసి నవ్వి, మళ్లీ పడుకుంది.

అప్పుడు కొమ్మమీంచి బావగారు ఫోను చేశారు. "ఏమోయ్, మీ అక్క ఎలా ఉంది?" అన్నారు. ఇక్కడ చాలా నిశ్శబ్దంగా ఉందని, హాయిగా నిద్రపోతోందని చెప్పాను. భర్తకు భార్య క్షేమం చెప్పకుండా ఎలా ఉంటాం?

ఆ కబురు విని సభ్యులు ఉడికిపోయారని తర్వాత తెలిసింది. తాము నిర్వహణ ఖర్చులు కట్టే భవనంలో అంత ప్రశాంతత ఉంటే దాన్ని ఒక్క మనిషే అనుభవించడం ఏం న్యాయమని అడిగారట. సాయంత్రానికల్లా బస్సు గేటు ముందు హారన్ కొట్టింది. నిశ్శబ్దానికి స్వాగతం పలుకుతూ షామియానా వేశారు. అది కనిపెట్టిన ఘనత అక్కదే కాబట్టి ఆమెను నిద్రలేపి కిందికి తీసుకొచ్చి, మైకు ముందు కూర్చోబెట్టి శాలువా కప్పారు. సన్మానాలు అక్క సెలవు అయిపోయేదాకా సాగాయి.

సోమవారం అక్క కౌంటరులో కూర్చుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెద్ద డాక్టరు ఆ రోజు ఊళ్లో లేడు. అడవి వానలో తడిసి వచ్చిన సంఘానికి ఇంటిల్లిపాదికీ జలుబు, జ్వరం. అందరూ చీటీలు పట్టుకుని ఆ కౌంటరు ముందే బారులు తీరారు. మన మనిషి ఉండగా పక్క కౌంటరుకు ఎందుకు పోవడమని బావగారు అందరికంటే ముందు నిలబడ్డారు.

అక్క ఆయన చీటీ తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. చీటీ తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"నాకు కనబడటం లేదండీ. ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో మీరే ఏకగ్రీవంగా తీర్మానం చేసుకుని రండి. అందరికీ అదే ఇచ్చేస్తాను" అంది.

వెంటనే అక్క కోరికను గౌరవించి, పక్కనున్న బెంచీల దగ్గర సమావేశం మొదలైంది. ఎర్రమాత్రలా తెల్లమాత్రలా అన్న చర్చ బాగా వేడెక్కి ఎర్రమాత్రల పక్షానికే మొగ్గు కనిపించింది. బావగారు తీర్మానం చదివి అనుకూలురు చేతులెత్తండి అనగానే లేచిన చేతుల్లో, పాఠక మహాశయా, మీది కూడా చూసినట్టే నాకు గుర్తు.