తినొద్దని ఎవరికి చెప్పాలి?

ఆ శుక్రవారం ఉదయం మొహిద్దీన్ బాషా పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నం నమాజు దాకా ఏ పనీ చేయకుండా కూర్చోవడం. మార్కాపురంలో వ్యాపారం చేసేవాళ్లలో తనంత తీరిక ఉన్నవాడు లేడని ఆయనకు గొప్ప గర్వం. భార్య జైనాబీ ఇంట్లో కరివేపాకు పొడి, గోరింటాకు పొడి తయారుచేసేది. ఆయన వాటిని 'గడపబజార్' అనే వెబ్‌సైట్‌లో అమ్మేవాడు.

మొదట్లో ఇంత దర్జా లేదు. ఆర్డరు వస్తే ఆయనే పొట్లం కట్టి, చిరునామా రాసి, పోస్టాఫీసుకు మోసేవాడు. కొన్నవాళ్ల నెంబర్లు జైనాబీ ఫోన్లో ఉండేవి. "అక్కా, ఈసారి కారం తగ్గించు" అని ఒకామె, "మా కోడలు బాలింత, వెల్లుల్లి ఎక్కువేసి పంపు" అని ఇంకొకామె ఫోన్ చేసేవారు. మొహిద్దీన్ బాషాకు ఇదంతా నామోషీగా ఉండేది.

అప్పుడు బావమరిది ఫహీమ్ రంగంలోకి దిగాడు. ఫహీమ్ ఏనాడూ ఏ వ్యాపారమూ చేసి ఎరగడు. అయితే వ్యాపారం గురించిన వీడియోలు మాత్రం ఒక్కటీ వదిలిపెట్టలేదు.

"పొట్లాలు కట్టుకుంటా కూర్చుంటే ఎప్పుడు ఎదుగుతావు బావా? సరుకంతా హైదరాబాద్‌లో వాళ్ల గోడౌన్‌కి తోలేయ్. కట్టేది వాళ్లే, పంపేది వాళ్లే, కస్టమర్‌తో మాట్లాడేదీ వాళ్లే. నువ్వు ఊరికే స్క్రీన్ చూసుకో" అన్నాడు.

"మరి కొన్నోళ్ల పేర్లు, నెంబర్లు మనకు తెలుస్తాయా?" అని జైనాబీ అడిగింది.

"పేర్లేం చేసుకుంటావు ఆపా, పెళ్లి పత్రికలు పంచుతావా?" అని ఫహీమ్ అక్కను ఎగతాళి చేశాడు.

బావా బావమరుదులు పగలబడి నవ్వుకున్నారు. సరుకు గోడౌన్‌కు పోయింది. ఆ తర్వాత ప్రతి ఆర్డరు పక్కనా స్క్రీన్ మీద ఒకటే మాట కనబడేది: 'వినియోగదారు, ఆంధ్రప్రదేశ్'. ఫహీమ్ అంతటితో ఆగక, బ్రాండ్ అంటే అన్నీ ఒకే తీరుగా ఉండాలని, రెండు పొడులకూ ఒకే ఆకుపచ్చ సంచి వేయించాడు. తేడా అంతా పైన అంటించే లేబుల్‌లోనే.

ఇంతకూ ఆ శుక్రవారం, ఆయన తీరిక ఇంకా మొదలు కూడా కాకముందే, కొమరోలు నుంచి ప్రేమకుమారి ఫోన్ చేసింది. పాత రోజుల్లో జైనాబీ దగ్గర నేరుగా కొన్న మనిషి కాబట్టి నెంబరు ఉంది.

"అక్కా, నీ కరివేపాకు పొడి అన్నంలో కలిపి పెట్టినా. మా ఆయన నాలుక, పళ్లు అన్నీ ఎర్రగా అయినాయి. తోమినా పోవడం లేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదవాల్సిన మనిషి, నోరు తెరవనంటున్నాడు. ఏంది అక్కా ఇది?"

"అది తినేది కాదమ్మా, గోరింటాకు! పారబొయ్యి. ఆయన్ని డాక్టరుకు చూపించు" అని చెప్పి, జైనాబీ భర్త వైపు తిరిగింది. పోయిన లోడుకు లేబుళ్లు అంటించింది ఎవరని అడిగింది.

అంటించింది మొహిద్దీన్ బాషాయే. అంటిస్తూ, వ్యాపారంలో ఏకాగ్రత అనే వీడియో వింటున్నాడు.

"ముందు అందరికీ ఫోన్ చేసి తినొద్దని చెప్పండి. ఎవరి బిడ్డలు తింటా ఉండారో ఏమో!"

"అందరికీ అంటే... ఎవరికి?"

స్క్రీన్ మీద గోరింటాకు పొడి కింద అప్పటికే ఒక అభిప్రాయం చేరింది: 'తలకు పెట్టుకున్నాను. మంట భరించలేకపోతున్నాను. వీధిలోవాళ్లు మీ ఇంట్లో ఇవాళ ఏం వంట అని అడుగుతున్నారు.' రాసినవారు: వినియోగదారు.

మొహిద్దీన్ బాషా గడపబజార్‌కు ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి తేనెలాంటి గొంతుతో పలికింది.

"కస్టమర్ల వివరాలు ఇవ్వలేం సార్. వారి గోప్యత మాకు ముఖ్యం."

"గోప్యత ఉండనీ తల్లీ, వాళ్ల నోళ్లు ఎర్రబడతా ఉండాయి! నా కస్టమర్లకు నేను చెప్పుకోవాల్నా వద్దా?"

"వాళ్లు మీ కస్టమర్లు కాదు సార్. మా కస్టమర్లు. మీరు మాకు సరుకు పంపేవారు, అంతే. ఫిర్యాదు నమోదు చేశాను. గోడౌన్ నుంచి సరుకు వెనక్కి రావడానికి నెల పట్టొచ్చు. మీ రోజు శుభంగా గడవాలి."

అప్పుడు ఫహీమ్ తల మళ్లీ పనిచేసింది. అది పనిచేసిన ప్రతిసారీ ఆ ఇంటికి నష్టమే. "బావా, మిగిలిన కరివేపాకు సరుకంతా మనమే కొనేద్దాం! ఇంకెవరికీ పోదు."

మొహిద్దీన్ బాషా తన ఫోన్ నుంచే కొనడం మొదలుపెట్టాడు. ఫహీమ్ కూడా కొన్నాడు. గిద్దలూరులో, కురిచేడులో ఉన్న చుట్టాలందరి చేతా కొనిపించారు. సాయంత్రానికి వెబ్‌సైట్‌లోని యంత్రానికి ఈ పొడి మీద అమాంతం ప్రేమ పుట్టింది. 'పశ్చిమ ప్రకాశం మెచ్చిన రుచి' అని బంగారు రంగు ముద్ర వేసి, దాన్ని మొదటి పేజీలో నిలబెట్టింది. అది చూసి ఎన్నడూ కొననివాళ్లు కూడా ఎగబడ్డారు.

"నా చేతి పొడి తిని జనం జబ్బు పడినారంటే నేను తల ఎత్తుకోలేను" అని జైనాబీ ఏడ్చింది. తన ఫోన్లో ఉన్న పాత నెంబర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయసాగింది. వాళ్లలో ఈ లోడు పొడి కొన్నవాళ్లు బతికిపోయారు. కొత్తవాళ్ల సంగతి దేవుడికి, గడపబజార్‌కు మాత్రమే తెలుసు.

ఫహీమ్ ఇంకో ఉపాయం కనిపెట్టాడు. వెబ్‌సైట్‌లో సరుకు పేరు మార్చడం మన చేతిలోనే ఉంది కదా అని, 'కరివేపాకు పొడి, దయచేసి తినకండి' అని మార్చాడు. కాసేపటికే జవాబు వచ్చింది: సరుకును కించపరిచే మాటలు రాసినందుకు, సొంత సరుకు కొని అమ్మకాలు పెంచి చూపినందుకు, మీ ఖాతా నిలిపివేయడమైనది. జనాన్ని కాపాడాలని చూసినందుకు ఆ కంపెనీ వేసిన శిక్ష అది. అమ్మకమైతే ఆగింది.

మర్నాడు గడపబజార్ చేసిన పని చూస్తే మొహిద్దీన్ బాషాకు మతి పోయింది. ఇవ్వలేమన్న ఆ నెంబర్లన్నిటికీ వాళ్లే సందేశం పంపారు: 'మీరు కొన్న పొడిలో లోపం ఉంది, వాడకండి. బదులుగా మా సొంత తయారీ గడపరుచి కరివేపాకు పొడి ఉచితంగా పంపుతున్నాం.' జైనాబీ అల్లాకు శుక్రియా చెప్పుకుంది. ఆమె భర్తకు మాత్రం తన కొనుగోలుదారులందరూ ఒక్క సందేశంతో పరాయివాళ్లైపోవడం కళ్లెదుట కనబడింది.

ఆ సందేశం ఆయనకూ వచ్చింది. వెనకే ఫోన్ మోగింది. అదే తేనె గొంతు.

"మొహిద్దీన్ బాషా గారేనా సార్? మార్కాపురం, మసీదు వీధి? ఆ లోపం ఉన్న పొడిని అందరికంటే ఎక్కువ కొన్నది మీరే. ఇంట్లో అందరూ క్షేమమేనా సార్? మీలాంటి కస్టమర్ మాకు దేవుడితో సమానం."

"నా పేరూ, వీధీ, నెంబరూ అన్నీ మీకు ఎట్ల తెలుసమ్మా?"

"మా కస్టమర్ల గురించి మాకు అన్నీ తెలుసు సార్. ఆ పొడి అమ్మినవాడి మీద మీరు కేసు వేస్తానంటే, వాడి వివరాలు ఇప్పుడే పంపిస్తాను. అది కస్టమర్‌గా మీ హక్కు."

మొహిద్దీన్ బాషా ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"వద్దులేమ్మా. వాడు మా ఇంట్లోనే ఉంటాడు."