తలగడ కింద వెల్లుల్లి

ఆ శనివారం నెరిస్సా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇంట్లోంచి బయటపడాలి. రెండు వీధుల అవతల, బేకరీ మేడమీద జరిగే వింత కథల రచయితల సంఘం సమావేశంలో కూర్చుని, తన కథ గురించి నలుగురూ అనేది వినాలి. పన్నెండింటికల్లా సభ్యురాలై ఇంటికి తిరిగి రావాలి. ఇలోయిలో నగరం మొత్తానికి దెయ్యాల మీదా, గ్రహాంతరవాసుల మీదా రాసేవాళ్లకు ఉన్నది ఆ ఒక్క సంఘమే. ఒకాయన ఉద్యోగానికి దుబాయ్ వెళ్లడంతో రెండేళ్ల తర్వాత అందులో ఒక కుర్చీ ఖాళీ అయింది. నీటి బిల్లుల ఆఫీసులో పదకొండేళ్లుగా జనం ఫిర్యాదులు రాసుకుంటూ కూర్చున్న నెరిస్సాకు ఆ కుర్చీ మీద ఉన్న ఆశ ఇంతా అంతా కాదు.

అత్తగారికి మాత్రం బైబిలు తరగతికి వెళ్తున్నానని చెప్పింది. అబద్ధం ఎందుకంటే, ఆమె కథలో ఒక అత్తగారు ఉంది. పగలంతా నవ్వుతూ వీధిలో తిరిగి, చీకటి పడగానే రెక్కలు తెచ్చుకుని నెత్తురు తాగే అస్వాంగ్ ఆవిడ. బియ్యంలో నీళ్లు వేలితో కొలుస్తుంది, ఒళ్లంతా పుదీనా మందునూనె రాసుకుంటుంది, పొరుగునున్న కాపిస్ నుంచి కాపురానికొచ్చింది. నెరిస్సా అత్తగారు పురింగ్ కూడా నీళ్లు వేలితోనే కొలుస్తుంది, అదే నూనె రాసుకుంటుంది, కాపిస్ నుంచే వచ్చింది. తేడా అంతా నెత్తురు దగ్గరే.

నిజానికి పురింగ్ మీద కోడలికి కోపమేమీ లేదు. కొడుకు ఓడ మీద పనికి వెళ్లి, ఏడాదికోసారి వచ్చి రెండు నెలలుంటాడు. తక్కిన పది నెలలూ ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరే, పేచీ లేకుండా బతుకుతున్నారు. కాకపోతే మంచి అత్తగారి మీద రాస్తే ఎవరు చదువుతారని నెరిస్సా భయం.

కాపిస్ అంటే అస్వాంగ్‌ల పుట్టిల్లని జనం నమ్మకం. ఆ పేరు వింటే చాలు, ఎవడో ఒకడు అస్వాంగ్ అంటూ రెండడుగులు వెనక్కి వేసి నవ్వుతాడు. నలభై రెండేళ్లుగా పురింగ్ ఆ వెక్కిరింతను నవ్వుతూనే మింగుతోంది. ఒకనాడు వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ ఆమె కోడలికి ఒక మాట చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఆడపడుచులు ఆమె తలగడ కింద వెల్లుల్లి రెబ్బలు దాచారట, నిజంగా అస్వాంగ్ అయితే తెల్లారేసరికి పారిపోతుందని. ఆమె పొద్దున్నే లేచి ఆ వెల్లుల్లినే అన్నంలో వేయించి అందరికీ వడ్డించింది. "నా కొడుక్కి కూడా చెప్పలేదు ఇందాయ్, నీ కడుపులో పెట్టుకో," అంది, కూతుళ్లను పిలిచే ఆ పిలుపుతోనే. నెరిస్సా దాన్ని తన కథ మూడో పేజీలో పెట్టింది.

తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. వెంటనే ఫోన్లో సంఘం పెద్ద దియోస్దాదో మాస్టారి సందేశం వచ్చింది. బేకరీ మేడ ఉడికిపోతోందనీ, అలాంటప్పుడు ఎవరి కథ చదువుతుంటే వారింట్లోనే కూర్చోవడం నియమమనీ, తాము ఇప్పుడే వీధి మలుపు తిరిగామనీ దాని సారాంశం. సభ్యత్వ దరఖాస్తు వెనకవైపు ఉన్న ఆ నియమం కింద నెరిస్సా చదవకుండానే సంతకం పెట్టింది. వద్దని జవాబు టైపు చేస్తుండగానే గేటు కిర్రుమంది.

బైబిలు తరగతి తన ఇంటికే నడిచి వచ్చిందని పురింగ్ పొంగిపోయింది. మంచి జాకెట్టు వేసుకుంది, మాంసం ముద్దల మోలో సూపు వేడి చేసింది, కొబ్బరాకులో చుట్టిన తీపి అన్నం పళ్లెంలో పేర్చింది. ముందు ప్రార్థన చెప్పమని మాస్టారిని అడిగింది. లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, ఇది ఇంటి ఆచారం కాబోలనుకుని శిలువ గుర్తు వేసుకుని, గుర్తొచ్చినంత వరకు చెప్పాడు. ఆయనతో వచ్చినవాళ్లు ఇద్దరే. పళ్ల డాక్టరు మిలాగ్రోస్, కాల్ సెంటర్లో పనిచేస్తూ అంగారకుడి మీద నవల రాస్తున్న జెఫ్రిల్. ఇద్దరూ బుద్ధిగా ఆమెన్ అన్నారు.

తర్వాత మాస్టారు సంచిలోంచి ఒక మాస్కు తీసి నెరిస్సాకు ఇచ్చాడు. మూతి దగ్గర సిరాతో పెద్ద కొట్టివేత గీత ఉంది. కథ మీద అందరూ మాట్లాడటం పూర్తయ్యేదాకా రచయిత నోరు విప్పకూడదు, విప్పితే మళ్లీ ఏడాది తర్వాతే రావాలి. వాళ్ల నియమాలన్నింటిలో కఠినమైనది అదే. నెరిస్సా మాస్కు కట్టుకుంది. ఇక అత్తగారిని ఏ నెపంతోనైనా వంటింట్లోకి పంపే దారి కూడా మూసుకుపోయింది.

పురింగ్ జపమాల చేత్తో పట్టుకుని కోడలి పక్కనే కూర్చుంది. "జలుబు చేసిందా ఇందాయ్?" అంది. నెరిస్సా తల అడ్డంగా ఊపింది. మాట కూడా రానంత జలుబని పురింగ్‌కు అర్థమైంది. లోపలికెళ్లి నూనె సీసా తెచ్చి కోడలి మెడకూ గొంతుకూ పట్టించడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మిలాగ్రోస్ కాగితాలు తెరిచింది. ఈ అత్తగారి పాత్రలో మచ్చుకైనా మంచి లేదనీ, ఒట్టి దుర్మార్గాన్ని పాఠకుడు నమ్మడనీ చెబుతూ, ఉదాహరణకు ఒక వాక్యం చదివింది. "ఆమె గదిలోకి రాకముందే పుదీనా నూనె వాసన వచ్చేది." చదివి ఊపిరి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. జెఫ్రిల్ సూపు గిన్నె కింద పెట్టేశాడు.

"ఎవరమ్మా ఆ పాపిష్టిది?" అంది పురింగ్, రుద్దడం ఆపకుండా.

మాస్టారు మనిషి మంచివాడు. పరిస్థితిని చక్కబెట్టాలనుకున్నాడు. అదంతా కల్పనేననీ, అసలు ఈ కథకు ప్రాణమైన చోటు వేరే ఉందనీ అంటూ గబగబా మూడో పేజీ తిప్పాడు. కాపిస్ నుంచి వచ్చిన కొత్త కోడలు, తలగడ కింద ఏడు వెల్లుల్లి రెబ్బలు, పొద్దున వేయించిన అన్నం, అంతా గొంతెత్తి చదివాడు. ఇలాంటిది ఊహించడం మామూలు విషయం కాదని మెచ్చుకున్నాడు కూడా.

నెరిస్సా మెడ మీద చెయ్యి ఆగిపోయింది. పురింగ్ చేతులు వంటగుడ్డకు తుడుచుకుంది, నూనె సీసాకు నెమ్మదిగా మూత బిగించింది. తిట్టి ఉంటే నెరిస్సాకు అంత కష్టంగా ఉండేది కాదు. మెడ మీద ఆ నూనె ఇంకా వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్లు తన జ్వరానికీ దగ్గుకూ రాసిన చెయ్యి అది. భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ గచ్చు గట్టిది.

మాస్కు తీసేసింది. జెఫ్రిల్ పాపం, ఏడాది పోతుందని వేలు చూపించి హెచ్చరించాడు.

"అది నేను ఊహించింది కాదు మాస్టారూ," అంది నెరిస్సా. "మా అత్తయ్యకు జరిగింది. ఎవరికీ చెప్పొద్దని నాకొక్కదానికే చెప్పింది. రెక్కలూ నెత్తురూ నేను అంటించాను. సిగ్గు లేని పని చేశాను అత్తయ్యా. ఇది బైబిలు తరగతి కూడా కాదు."

"ఆయన ఎడంచేత్తో శిలువ గుర్తు వేసుకున్నప్పుడే అనుకున్నా," అంది పురింగ్.

పురింగ్ మాస్టారి చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏడు కాదు, తొమ్మిది," అంది. "రెబ్బలు. మా పెద్దాడపడుచు పెట్టింది. పొద్దున ఆవిడే రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆవిడ తిన్న తీరు చూశాక, ఆ ఇంట్లో అస్వాంగ్ ఎవరో నాకు తెలిసిపోయింది. నేను ఏడవలేదని రాశావేంటి ఇందాయ్? ఏడ్చాను. కట్టెల పొయ్యి, పొగ. ఎవరికి తెలుస్తుంది?"

అక్కడితో ఆగలేదు. ప్రతి ఆదివారం ఆ ఆడపడుచు వచ్చి వెల్లుల్లి అన్నం అడగడం, మంచాన పడ్డాక కూడా పురింగ్ చేతి ముద్దే కావాలనడం, ఒక్కసారైనా క్షమించమనకుండానే పోవడం, అన్నీ చెప్పింది. మిలాగ్రోస్ కళ్లు తుడుచుకుంది. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి మాస్టారు గొంతు సవరించుకున్నాడు. నెరిస్సా నోరు విప్పింది గనక నియమం ప్రకారం వచ్చే ఏడాది రావాలనీ, అయితే కుర్చీ అంతవరకు ఖాళీగా ఉంచడం సంఘానికి మంచిది కాదనీ అన్నాడు. ముగ్గురూ పురింగ్ వైపు చూసి, ఆమెకే ఓటంటూ చేతులెత్తారు. తనకు టైపు చేయడం రాదని ఆమె చెప్పింది. అయితే ఆ పని తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారంది.

తర్వాత మూడు రోజులూ పురింగ్ కోడలితో మామూలుగానే మాట్లాడింది. నెరిస్సా ఎదురుగా వెల్లుల్లి మాత్రం ఒలవలేదు. నెరిస్సా ఆఫీసులో ఫిర్యాదుదారులకే క్షమాపణలు చెప్పుకుంటూ గడిపింది. నాలుగో రోజు సాయంత్రం పురింగ్ వెల్లుల్లి చేట తెచ్చి కంప్యూటర్ పక్కన కుర్చీ లాక్కుని, "రాయి," అంది. అది నీటి బిల్లుల ఆఫీసులో పనిచేసే ఒక కోడలి కథ. ఆ కోడలికి రెక్కలు లేవు, నెత్తురు తాగదు, మాయలేమీ రావు. అబద్ధాలు మాత్రం ఆడుతుంది, అవీ సరిగ్గా ఆడటం రాదు. నెరిస్సా చెవులు ఎర్రబడుతున్నా ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసింది.

మరుసటి నెల బేకరీ మేడమీద ఆ కథ చదివారు. తాను నోరు మూసుకుని కూర్చునే మనిషిని కానని కొత్త సభ్యురాలు ముందే చెప్పేయడంతో, మాస్కును టైపు చేసినవాళ్లకు కట్టారు.