రాహేలు సమాధికి స్లైడ్లు

జయరాజును అతని భార్య దగ్గరికి పోనివ్వడం లేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

భార్య రాహేలు చనిపోయి మూడేళ్లయింది. శామీర్‌పేట రోడ్డు పక్క సమాధుల తోటలో ఉంది. ఆ తోట చుట్టూ ఉన్న పొలాలు యాదగిరివి. ఆయన వాటిని విల్లాలు చేసి, చుట్టూ గోడ కట్టించి, 'పీస్‌ఫుల్ పెబల్స్' అని పేరు పెట్టి, సొసైటీకి తానే అధ్యక్షుడయ్యాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆయన సమాధుల తోటను ఒక్క అంగుళం కూడా ముట్టలేదు. దానికి పోయే దారిని మాత్రమే తీసుకున్నాడు. కరపత్రంలో తోటకు తగిన గౌరవం కూడా ఇచ్చాడు: "వెనకవైపు ఎన్నటికీ భవనాలు రాని పచ్చని, ప్రశాంతమైన స్థలం." అటువైపు కిటికీలున్న విల్లాలే ముందుగా అమ్ముడుపోయాయి.

గోడ లేచాక వచ్చిన మొదటి ఆదివారం జయరాజు ఆరాధన ముగించుకుని, చామంతులు పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. సెక్యూరిటీ వీరయ్య ఫోన్ తీశాడు.

"ఎవ్వరి తానికి పోవాలె పెద్దాయనా?"

"నా భార్య తానికి."

"ఏ విల్లా?"

"విల్లా లేదు. ఎనక సమాధిల ఉన్నది."

"ఏడనన్న ఉండనియ్యి. నంబర్ జెప్పు. ఆమెకు మెసేజ్ పోతది, ఆమె ఓకే నొక్కితెనే గేటు తెరుసుకుంటది. నా చేతుల ఏం లేదు."

జయరాజు అబద్ధం ఆడే మనిషి కాదు. ఆమె నంబరే చెప్పాడు. ఫోన్ కంపెనీవాళ్లు ఆ నంబరు ఇప్పుడు ఎవరికిచ్చారో గాని, అవతలివాళ్లు 'వద్దు' అని నొక్కారు. కాపురం చేసినన్నాళ్లూ రాహేలు అతన్ని ఆ మాట అనలేదు.

యాదగిరి పరాయివాడేమీ కాదు. ఇద్దరూ ఒకే ఊరి బడిలో ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు. అందువల్ల జయరాజు పోయి చెప్పుకుంటే ఆయన ఎంతో సానుభూతితో విన్నాడు.

"అరె జయరాజూ, నాకు తెల్వదార? వదినె చేతి కూడు తిన్నోన్ని. ఆమె మీద మట్టేసినోళ్లల్ల నేను గూడ ఉన్న. కని నేనొక్కన్ని అంటె నడ్వదు. మెంబర్లంత మస్తు సదువుకున్నోళ్లు. ఉట్టిగ జెప్తె వాళ్లకు ఎక్కది. ప్రెజెంటేషన్ ఇయ్యాలె."

"గేటు తెర్వుమంటున్న. గంతే."

"గా మాటనే స్లైడ్ల పెట్టి అడుగు."

పీస్‌ఫుల్ పెబల్స్‌లో అది ఆచారం. ఈత కొలను అడుగున ఏ రంగు బండలు వేయాలనే విషయం మీద ఒక ఆదివారమంతా ప్రెజెంటేషన్ నడిచింది. పక్కింటి కుక్క కరిచిందని ఒకాయన ప్రెజెంటేషన్ ఇచ్చాడు. కుక్క యజమాని అంతకంటే మంచి ప్రెజెంటేషన్ ఇచ్చాడు. కనుక కుక్క కరవలేదని తీర్మానమైంది.

జయరాజుకు వ్యవధి లేదు. వచ్చే నెలలోనే సమాధుల పండుగ. ఆ రోజుకు సున్నం పడని సమాధిని దిక్కులేనివాళ్లదని అనుకుంటారు. ఆ తోటలో తమవాళ్లున్న మిగతా కుటుంబాలు ఊరికే ఏమీ కూర్చోలేదు. జయరాజు అడిగి వస్తాడని ఎవరింట్లో వాళ్లు ప్రార్థన చేశాయి.

కూతురు జాస్మిన్ అతన్ని మేడ్చల్ తీసుకుపోయింది. అక్కడ బిర్యానీ హోటల్ పైన శ్రవణ్ అనే యువకుడు మాట్లాడటం నేర్పుతాడు. తన క్లాసులో చేరకముందు జనం ఎలా మాట్లాడుకునేవారో అతనికే ఆశ్చర్యం.

"అంకుల్, మీరేం చెప్పాలనుకుంటున్నారు?"

"గేటు తెర్వున్రి అని."

శ్రవణ్ జాలిగా నవ్వాడు. "కావల్సింది ముందే అడిగితే బిచ్చం అంకుల్. చివరికి అడిగితేనే ప్రెజెంటేషన్. గేటు లాస్ట్ స్లైడ్‌లో పెడదాం. ఫస్ట్ జోక్‌తో మొదలుపెట్టాలె. భార్యల మీద జోక్ ఎప్పుడైనా పేలుతది."

"ఆమె సచ్చిపోయింది."

"సూపర్ అంకుల్! ఎమోషన్ గూడ వచ్చేసింది."

జయరాజు లేచి చెప్పుల కోసం చూశాడు. జాస్మిన్ చెయ్యి పట్టుకుంది. "నాయినా, గట్ల జెయ్యకు. అమ్మ తానికి పోవాల్నా వద్దా? లోకం గిట్లనే ఉన్నది."

అమ్మ పేరు చెప్పాక జయరాజు కూర్చున్నాడు. అద్దం ముందు నిలబడి చేతులు ఎంత ఎడంగా పెట్టాలో నేర్చుకున్నాడు. చూపు ముందు వరుస నుంచి వెనక వరుసకు ఫ్యాన్ తిరిగినట్టు తిరగాలని నేర్చుకున్నాడు. బాధాకరమైన మాట చెప్పేటప్పుడు రెండడుగులు ముందుకు వేయాలట. రాహేలు పోయిన రోజు అతను ఉన్నచోటనే నిలబడిపోయాడు. అది తప్పని ఇప్పుడు తెలిసింది.

స్లైడ్లు శ్రవణ్ స్వయంగా చేశాడు. ఒకదాంట్లో రాహేలు పాస్‌పోర్ట్ ఫోటో గిరగిర తిరుగుతూ వచ్చి ఆగుతుంది. ఇంకొకదాంట్లో సమాధి మీద గడ్డి ఏ నెలలో ఎంత పెరిగిందో రంగురంగుల కడ్డీలతో చూపించాడు. వేరొకదాంట్లో సమాధి పాత ఫోటో వేసి, దాని మీద నాలుగు గళ్లు గీశాడు. బలం: ఎక్కడికీ పోదు. బలహీనత: లేచి రాలేదు. అవకాశం: పునరుత్థానం. ప్రమాదం అనే గడిలో ఏం రాయాలని అడిగితే జయరాజు "యాదగిరి" అన్నాడు. శ్రవణ్ అక్కడ పువ్వు బొమ్మ పెట్టాడు.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో సభ జరిగింది. జయరాజును ఆ రోజు వీరయ్య సలాం కొట్టి లోపలికి పంపాడు. ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్లకు క్లబ్‌హౌస్ వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపల ఏసీ, గోడంత తెర. పక్కన పెద్ద కిటికీ. వెలుతురు పడితే స్లైడ్లు కనబడవని సొసైటీ కార్యదర్శి భవిత కిటికీకి నల్లటి పరదా లాగించింది. అప్పటికే జయరాజు చూశాడు. కిటికీ అవతల సమాధుల తోట. వేపచెట్టు కింద రాహేలు సమాధి.

అతను నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాడు. జోకు చెప్పాడు, నవ్వారు. ఫోటో గిరగిర తిరిగింది, చప్పట్లు కొట్టారు. గడ్డి లెక్క దగ్గర ఒకాయన తలాడించి, వర్షపాతం వివరాలు కూడా చేర్చి ఉంటే బాగుండేదన్నాడు. పునరుత్థానం దగ్గర ఒకావిడ, అది ఏ సంవత్సరంలో ఉండవచ్చో అంచనా అడిగింది. చివరి స్లైడు రావాల్సిన సమయానికి భవిత గంట కొట్టింది.

"టైమ్ అయిపోయిందండి. చాలా బాగా చెప్పారు. క్వశ్చన్స్ ఎవరికైనా?"

"ఈ అక్షరాలు ఏ ఫాంట్ సర్?" అని వెనక నుంచి ఒకాయన అడిగాడు.

జయరాజు చేతిలోని రిమోట్ కింద పెట్టాడు. కిటికీ దగ్గరికి పోయి పరదా మొత్తం గుంజేశాడు. ఎండ లోపల పడింది.

"అగో, గా వేపచెట్టు కింద. గదే నా రాహేలు. మీ గేటు తెర్వున్రి. సున్నమేసి పోత."

సభలో కలకలం రేగింది. "సర్, స్క్రీన్ కనబడట్లే!" "పరదా వెయ్యండి!" "స్లైడ్‌లో లేనిది మాట్లాడొద్దు సర్!" ఎవరో లేచి పరదా మూశారు. సమాధి తెర మీద మళ్లీ స్పష్టంగా కనిపించింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

యాదగిరి మైకు అందుకున్నాడు.

"మన జయరాజన్న ఇయ్యాల మన కండ్లు తెరిపించిండు. పల్లె బడిల సదివినోడు గింత మంచిగ ప్రెజెంటేషన్ ఇస్తడని ఎవ్వలన్న అనుకున్నమా? ఆఖర్ల జర లైన్ తప్పిండు గని ఫరక్ పడది. వదినె అంటె నాకు పానం. అందుకనే ఒక గొప్ప తీర్మానం జేస్తున్నం. ఇగ అన్న ఎండల, ముండ్లల్ల సమాధి తానికి పోయి పరేషాన్ గావొద్దు. ప్రతి ఆదివారం ఈడికే వచ్చి, ఏసీల కూసోని, గీ పెద్ద తెర మీద వదినె సమాధిని సూడొచ్చు. చాయ్ గూడ సొసైటీదే!"

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. జయరాజు శాలువాను కుర్చీ మీద పెట్టి బయటికి నడిచాడు.

పండుగ వచ్చింది, పోయింది. రాహేలు సమాధికి సున్నం పడలేదు. తెర మీద మాత్రం తెల్లగానే కనిపిస్తున్నదట. భవిత వెలుగు పెంచిందట.

ఇక మిగతా కుటుంబాలన్నీ కలిసి గేటు దగ్గరికి పోతాయని జయరాజు అనుకున్నాడు. అవి నిజంగానే కలిశాయి. కలిసి శ్రవణ్ క్లాసులో చేరాయి. జయరాజు స్లైడ్లలో లోపాలేమిటో చర్చించడానికి ఒక కమిటీ కూడా ఏర్పడింది. మందిరంలో ప్రొజెక్టర్ బిగించారు. శ్రవణ్‌నే పిలిపించి, ఇంత గొప్ప సభను మెప్పించిన జయరాజు తన అనుభవం నాలుగు మాటల్లో పంచుకోవాలని పాస్టరుగారు కోరారు.

జయరాజు లేచాడు. "నన్ను అడుగకున్రి. ఇగ దాని ముచ్చట నేను మాట్లాడ," అని కూర్చున్నాడు.

మందిరమంతా నిశ్శబ్దమైంది.

"చూసిన్రా?" అన్నాడు శ్రవణ్ మెల్లగా. "దీన్నే పాజ్ అంటరు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. జయరాజు ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ఎత్తడు కూడా. మీరు చప్పట్లు కొట్టినా సరే.