వైకుంఠ వింగ్స్ వారి అంతిమ సేవలు

ఒక పెద్ద అడవిలో ఎవరింట చావు జరిగినా మొదట గుర్తొచ్చే పేరు ఎల్లమంద. అతనొక రాబందు. తాతల నాటి నుంచీ వాళ్లది ఒకటే వృత్తి. ఎవరైనా కన్నుమూస్తే చాలు, ఎల్లమంద, అతని భార్య కోటమ్మ, ముగ్గురు బావమరుదులు వచ్చి వాలేవాళ్లు. పొద్దు గుంకేలోపు అక్కడ తెల్లటి ఎముకలు తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. పనీ అదే, కూలీ అదే, భోజనమూ అదే.

వాళ్ల పనికి వంక పెట్టినవాళ్లు లేరు. మెచ్చుకున్నవాళ్లూ లేరు. ఎల్లమంద ఎదురొస్తే మాత్రం అందరూ పక్కకి తప్పుకుని, అతను దాటిపోయాక మూడుసార్లు ఉమ్మేసేవాళ్లు.

ఇలా ఉండగా అడవికి ఇంటర్నెట్ వచ్చింది. సాలెపురుగులు చెట్టు నుంచి చెట్టుకి తీగలు లాగాయి. ఏడాది తిరక్కుండా ప్రతి కలుగులోనూ ఒక ఫోను వెలిగింది. కోతులు చెట్లెక్కడం మానేసి, చెట్లెక్కే వీడియోలు చూడసాగాయి.

ఆ వేసవిలో ఒక ముసలి దుప్పి పోయింది. ఎల్లమంద సకుటుంబంగా వెళ్లేసరికి అక్కడ నాలుగు దుమ్ములగొండ్లు అప్పటికే పని మొదలుపెట్టేశాయి.

"ఇది మా తాతల నాటి హక్కు," అన్నాడు ఎల్లమంద.

"హక్కేంటి పెద్దాయనా. ఫోన్లో వెతికితే మేమే ముందొస్తాం," అంది పెద్ద దుమ్ములగొండి నమలడం ఆపకుండా. "నీ పేరు కొడితే ఏమొస్తుందో ఎప్పుడైనా చూసుకున్నావా?"

ఇంటికొచ్చాక కోటమ్మ చూసింది. రాబందు అని కొడితే, 'రాబందు కలలో కనిపిస్తే ఏమవుతుంది?' అని వచ్చింది. దాని కింద, 'రాబందు ఇంటి మీద వాలితే శాంతి ఎవరిచేత చేయించాలి?' అని వచ్చింది.

"మనం చేసే పని గురించి ఒక్క ముక్క లేదేంటి?" అంది కోటమ్మ.

ఆ నెలలో ఇంకో మూడు చావులు దుమ్ములగొండ్లకే పోయాయి. అవి మెత్తటిది తిని, మిగతాది ఈగలకి వదిలేసి పోయేవి. అయినా పిలుపులు వాటికే. ఎల్లమంద గూట్లో పస్తులు మొదలయ్యాయి.

"పస్తులుండి పరువు కాపాడుకుందామా, నలుగురిలాగా మనమూ నాలుగు మాటలు చెప్పుకుందామా?" అని అడిగింది కోటమ్మ. మర్నాడే ఎల్లమంద మంజువాణి దగ్గరికి బయల్దేరాడు.

మంజువాణి ఒక కోకిల. అడవిలో సగం వ్యాపారాలకి పేరు తెచ్చింది ఆవిడేనని అందరూ చెప్పుకునేవాళ్లు. ఎలుగుబంటి తేనెకి తేనె అనే పేరు చాలదని, దానికి ఇంకో పేరు పెట్టి రెట్టింపు అమ్మించిన మనిషి, అనగా పక్షి. సొంతానికి ఆవిడకి గూడంటూ లేదు.

"మీ పనేమిటో ఒక్క మాటలో చెప్పండన్నయ్యా," అంది మంజువాణి తియ్యగా.

"పీనుగుల్ని తింటాం," అన్నాడు ఎల్లమంద.

మంజువాణి కాసేపు కళ్లు మూసుకుంది. "ఆ రెండు మాటలూ ఇక మీ నోట రాకూడదు. పీనుగ అనకూడదు. తినడమని అసలే అనకూడదు."

"మరేమనాలి?"

"ప్రయాణికులు అనాలి. సాగనంపుతాం అనాలి."

ఆ పూటే వ్యాపారానికి 'వైకుంఠ వింగ్స్' అని పేరు పెట్టింది. దాని కింద ఒక మాట చేర్చింది: 'మీవాళ్లని ఆకాశానికెత్తేస్తాం.' ఎల్లమంద బొమ్మ గీయించి, తల వెనకాల సూర్యుణ్ణి పెట్టించింది.

"ఇప్పుడది బోడిగుండు కాదు, తేజస్సు," అంది.

ఇన్ని చేసినందుకు ఏమివ్వాలని కోటమ్మ బెరుగ్గా అడిగింది. మంజువాణి నవ్వింది. "నాకేం వద్దు వదినా. మీ గూట్లో ఒక గుడ్డు పెట్టుకుంటాను. కాస్త పొదిగిపెట్టండి చాలు." అలా అడవిలో పేరుమోసిన కోకిలమ్మ గుడ్డు మీద కోటమ్మ కూర్చుంది.

తర్వాత అభిప్రాయాల సంగతి వచ్చింది. "మీ సేవ అందుకున్నవాళ్లు ఎవరైనా నాలుగు మంచిమాటలు రాస్తారా?" అని అడిగింది మంజువాణి.

"అందుకున్నవాళ్లా?" ఎల్లమంద ఆలోచనలో పడ్డాడు. "వాళ్లెలా రాస్తారమ్మా?"

మంజువాణే రాసేసింది. 'చాలా తృప్తిగా ఉంది. పోయిన ఏడు చనిపోయినప్పుడు కూడా వీళ్లనే పిలిచాను. ఇకముందు చనిపోయినా వీళ్లనే పిలుస్తాను. ఐదు నక్షత్రాలు.'

ఎల్లమంద అది రెండుసార్లు చదివాడు. "దీన్నెవరైనా నమ్ముతారా?"

"నక్షత్రాలు చూస్తారన్నయ్యా. చదవరు."

సాయంత్రానికి రెండు వందల జంతువులు ఆ అభిప్రాయం తమకి ఉపయోగపడిందని నొక్కాయి.

రాబందులు పొద్దున్నే రెక్కలు బార్లా చాపి ఎండకి ఆరబెట్టుకుంటాయి. మంజువాణి దాన్ని వీడియో తీసి, వెనకాల వేణునాదం పెట్టి, 'ఎల్లమంద గారి ప్రభాత విస్తరణ' అని వదిలింది. వారం తిరిగేసరికి అడవిలో కుందేళ్లు, నక్కలు, ఆఖరికి నిలబడటమే రాని తాబేళ్లు కూడా పొద్దున్నే బండల మీద నిలబడి చేతులు చాపసాగాయి. నెల తిరిగేసరికి ఎల్లమంద అనుచరుల సంఖ్య అడవిలో ఉన్న జంతువుల సంఖ్యని దాటిపోయింది. ఎలా దాటిందని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ప్రకటనలు మొదలయ్యాయి. అడవిపంది ఒకటి మోకాలి నొప్పికి పసరు వైద్యమేదైనా ఉందా అని ఫోన్లో వెతికింది. వెంటనే తెర మీద సూర్యుడు, ఎల్లమంద తేజస్సు, 'మీరు సిద్ధమేనా?' అనే ప్రశ్న. పాపం పంది రెండు రోజులు నీళ్లు ముట్టలేదు. దగ్గు అని కొట్టిన జింకకీ అదే ప్రశ్న, కళ్లజోడు అని కొట్టిన గుడ్లగూబకీ అదే ప్రశ్న. తిట్టినవాళ్లు తిట్టారు. తిట్టడానికి పేరు రాయాలి కాబట్టి పేరు ఇంకా పాకింది.

ఒకనాడు పొద్దున్నే ఒక అడవిదున్న భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆఫరు ఆదివారంతో అయిపోతుందట కదండీ. ఒకరు బుక్ చేసుకుంటే ఇంకొకరు ఉచితమట. మా ఆవిడని కూడా తీసుకొచ్చాను."

వెనక నిలబడ్డ ఆవిడ సంగతేమీ తెలియక నెమరు వేస్తోంది.

"మీరింకా బతికే ఉన్నారు కదయ్యా," అన్నాడు ఎల్లమంద.

"అదే అడుగుదామని వచ్చాను. దానికేమైనా నిబంధన ఉందా?"

ఎల్లమంద వాళ్లకి సర్దిచెప్పి పంపించాడు. మంజువాణికి కోపమొచ్చింది. వచ్చిన బేరాన్ని తిప్పి పంపేవాడు వ్యాపారం చేయలేడని అంది. ఇంకో షరతు కూడా పెట్టింది. "మీరు పని చేస్తూ ఎవరి కంటా పడకూడదు. ముక్కుకి రక్తం ఉన్న ఫొటో ఒక్కటి బయటికొస్తే ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలు."

అప్పటినుంచి పని బావమరుదులు చేసేవాళ్లు, పొదల చాటున, తలలు వంచుకుని. ఎల్లమంద బండ మీద రెక్కలు చాపి కూర్చునేవాడు. చీకటి పడ్డాక కోటమ్మ మిగిలిందేదో తెచ్చిపెట్టేది. అతను చిక్కిపోయాడు.

"ఇదెందుకయ్యా మనకి? మానెయ్యరాదూ?" అందొకనాడు కోటమ్మ.

"ఇవాళ ఒక లేడి తన పిల్లని తీసుకొచ్చింది," అన్నాడు ఎల్లమంద. "నా రెక్క కింద నిలబెట్టి ఫొటో తీసుకుంది. ఆ పిల్ల వణకలేదు కోటమ్మా. పుట్టి ఇన్నేళ్లయింది, నా దగ్గర నిలబడి వణకని పిల్లని ఇవాళే చూశాను."

కోటమ్మ తెచ్చిన ముక్కని అతని ముందుకి జరిపింది.

వానలు మొదలవడానికి ముందు భద్రమ్మ పోయింది. ఏనుగుల గుంపుకి పెద్ద ఆవిడ. వాగులో నీళ్లు తాగడానికి వంగి, ఒడ్డున అలాగే ఒరిగిపోయింది. కూతురు నూకరత్నం స్వయంగా నడిచి ఎల్లమంద దగ్గరికి వచ్చింది.

"మా అమ్మ వాగు ఒడ్డునే పడిపోయింది," అంది. "వాన పడితే అంతా నీళ్లలో కలుస్తుంది. అడవంతా తాగేది ఆ నీళ్లే. నువ్వు వెంటనే రావాలి."

ఎల్లమంద సరేనన్నాడు. మంజువాణి అప్పటికే ఎగిరి గంతేసినంత పని చేసింది. అంత పెద్ద ప్రయాణికురాలు మళ్లీ దొరకదు. అంతా లైవ్‌లో చూపించాలని తీర్మానించింది.

మొదటి రోజు అడవిపూలు తెప్పించి భద్రమ్మ చుట్టూ పరిపించింది. ఎల్లమంద బండ మీద నిలబడి, మంజువాణి రాసిచ్చినదంతా చదివాడు. చూసేవాళ్లు పదివేలు దాటారు. ఇన్నివేల కళ్ల ముందు బావమరుదులు పొదల్లోంచి బయటికి రాలేకపోయారు.

రెండో రోజు మబ్బు పట్టింది. వెలుతురు బాగాలేదని మంజువాణి పని మొదలవనివ్వలేదు. చూసేవాళ్లు పెరుగుతున్నారని మధ్యాహ్నం లైవ్ మళ్లీ పొడిగించింది. అప్పటికి వాసన మొదలైంది. భద్రమ్మ చుట్టూ నిలబడ్డ ఏనుగులు తొండాలు చెవుల చాటున దాచుకున్నాయి. వాగు దిగువన పిల్ల జంతువులు కొన్ని నీళ్లు తాగకుండా మొరాయించాయి.

నూకరత్నం బండ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు. "ఎల్లమందా, నీ పేజీ చూసి పిలిచాననుకున్నావా? నాకు ఫోను లేదు. మా అమ్మమ్మ పోయినప్పుడు మీ నాన్న వచ్చాడు. సాయంత్రానికి ఎముకలు అప్పజెప్పాడు. అందుకు పిలిచాను. నీకు ఆ పని వచ్చా, రాదా?"

ఎల్లమంద ఆవిడ ముఖం చూశాడు. ఫోను పట్టుకున్న మంజువాణిని చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. దూరాన కొండ మీద ఉరిమింది.

"కోటమ్మా, మీ తమ్ముళ్లని పిలువు," అన్నాడు.

బండ దిగి, పూలు పక్కకి తోసి, మెడ దాకా తల లోపలికి పెట్టాడు. నెలల తరబడి ఆకలితో ఉన్నవాడు. వెనకాలే కోటమ్మ, బావమరుదులు. వాళ్ల చుట్టాలు ఎక్కడెక్కడి కొండలమీదనుంచో దిగారు. తత్తరపాటులో మంజువాణి లైవ్ ఆపడం మరిచిపోయింది.

తెర మీద మాటలు వరద కట్టాయి.

'ఛీ, ఈయన తింటున్నాడేంటి?'

'ఈయన రాబందట. మాకెవరూ చెప్పలేదే.'

'మా పిల్లలు కూడా చూస్తున్నారు. సిగ్గుండాలి.'

'నా బుకింగు రద్దు చేసి, మా ఆవిడది మాత్రం ఉంచండి.'

ఒక్క పూటలో అనుచరులంతా జారిపోయారు. నక్షత్రాలు ఐదు నుంచి ఒకటికి దిగాయి. అదే పూటలో వాగు ఒడ్డు శుభ్రమైంది. పొద్దు గుంకేసరికి భద్రమ్మ ఎముకలు తెల్లగా కడిగినట్టు మిగిలాయి. చీకటి పడ్డాక వాన మొదలైంది. నీళ్లు తేటగానే పారాయి.

నూకరత్నం ఒక్కొక్క ఎముకనీ తొండంతో తడిమింది. తర్వాత అదే తొండాన్ని రక్తం పూసుకుని ఉన్న ఎల్లమంద తల మీద ఒక్క క్షణం ఆనించి, గుంపుని తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడకి ఖాతా లేదు కాబట్టి అభిప్రాయమేమీ రాయలేదు.

మర్నాడు ఎల్లమంద పేజీ మూసేద్దామనుకున్నాడు. ఎంత నొక్కినా మూసుకోలేదు. అది తెరిచిందంతా మంజువాణి నంబరు మీదే అని అప్పుడు తెలిసింది. మూడో రోజుకి పేజీలో అతని బొమ్మ పోయి ఒక కొంగ బొమ్మ వచ్చింది. పేరు శ్వేతాంబరం. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు అరమూసి, వెనకాల అదే సూర్యుడు. పాత అనుచరులందరూ వారంలో వెనక్కి వచ్చారు. ఈసారి అసలైన మహానుభావుడు దొరికాడని ఒకరికొకరు చెప్పుకున్నారు.

బేరాలు వెల్లువెత్తాయి. చిక్కల్లా ఒక్కటే. శ్వేతాంబరానికి చిన్న చేపలు తప్ప ఇంకేదీ పడదు. పీనుగని చూస్తే కళ్లు తిరుగుతాయి.

మంజువాణి ఎల్లమందకి ఫోను చేసింది. గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉంది. "అన్నయ్యా, మనలో మనకి పట్టింపులెందుకు? శ్వేతాంబరం గారి కార్యక్రమం అయిపోయి, అందరూ వెళ్లాక వెనక దారిన రండి. ఎవరికీ కనబడకండి."

ఎల్లమంద ఫోను పక్కన పెట్టి భార్యకేసి చూశాడు.

"పోదాం పద," అంది కోటమ్మ. "సూర్యుడి బొమ్మ వాళ్లదైతే అవనీ. ఆకలి మనదేగా."

అప్పటినుంచి ఎల్లమంద ఇంట పస్తు లేదు. చావులన్నీ వాళ్లకే వచ్చేవి, దుమ్ములగొండ్లకి ఒక్కటీ దక్కేది కాదు. ఆ ఏడు అడవి సభవారు ఉత్తమ సేవా బహుమానం వైకుంఠ వింగ్స్‌కి ఇచ్చారు. శ్వేతాంబరం వేదిక మీద ఒంటికాలిపై నిలబడి పూలదండ వేయించుకున్నాడు.

"ఇందులో నా కష్టం ఏమీ లేదు," అన్నాడు వినయంగా.

అంత వినయానికి సభ సభంతా కళ్లు తుడుచుకుంది. ఆయన నోట అంతవరకూ వచ్చిన నిజం అదొక్కటే.

నీతి: ముక్కుకి కంపు అంటకుండా పేరు రావాలంటే, పని ఇంకొకడిచేత చేయించుకోవాలి.