పసుపు చీటీల పుణ్యమా అని

వర్క్‌షాపులను తిట్టేవాళ్లకు కళ్లు పోతాయి! ఆఫీసులో పని ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసుకోవడానికి పని మొత్తం ఆపేసి కూర్చోవడం కన్నా తెలివైన పద్ధతి మనిషి ఇంతవరకూ కనిపెట్టాడా? నమ్మకం లేకపోతే అమీర్‌పేట మెట్రో వెనక సందులో ఏసీలు రిపేరు చేసే ఓ కంపెనీ సంగతి వినండి.

మే నెల. బల్కంపేట నుంచి మాసబ్ ట్యాంక్ దాకా జనం ఉడికిపోతూ ఫోన్లు చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఓనరు రఘురామ్ స్టాఫ్ అందర్నీ పంజాగుట్టలోని ఓ హోటల్ హాలుకు తోలుకెళ్లి, కస్టమర్‌కు త్వరగా సర్వీస్ అందించడం ఎలా అని వర్క్‌షాప్ పెట్టించాడు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టించారు. ఆ పూట కంపెనీకి ఒక్క కంప్లయింటూ వినపడలేదు. ఇంతకంటే ఇంప్రూవ్‌మెంట్ ఏం కావాలి?

ట్రెయినర్ హైందవి గారు అందరికీ పసుపు చీటీలు పంచారు. పనికి ఎక్కడ అడ్డం పడుతోందో రాసి గోడకు అతికించాలట. పేరు అక్కర్లేదు, భయం అసలే అక్కర్లేదు, ఇది సేఫ్ స్పేస్ అన్నారు. అని, రఘురామ్‌తో కలిసి కాఫీకి వెళ్లారు.

పేరు రాయకపోతే మాత్రం? ఏళ్ల తరబడి వీళ్లు చేత్తో నింపే జాబ్‌కార్డులు చూస్తున్న ఓనరుకు ఎవరి కోడిగీతలు ఎవరివో తెలియదా?

సీనియర్ మెకానిక్ హాషం భాయ్ చుట్టూ చూశాడు. చూపు ఫౌజియా మీద ఆగింది. యూసుఫ్‌గూడ అమ్మాయి, కస్టమర్ల ఫోన్లు ఎత్తే పనిలో కొత్తగా చేరింది. రోజంతా కంప్యూటర్‌లో టైప్ చేయడమే తప్ప ఆమె చేతిరాతను ఓనరు ఎప్పుడూ చూడలేదు. నెలాఖరుకు ఉద్యోగం పర్మినెంట్ అవుతుందని ఆమె ఇంట్లో అప్పుడే మిఠాయి కూడా పంచేసింది.

హాషం భాయ్ స్వయంగా చాయ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"బేటీ, నీ రైటింగ్ మస్తుంటదట గదా. జర మావి సుత రాసియ్యి."

పెద్దాయన అడిగితే కాదంటుందా? రాసింది. ఫ్యాన్ మోటార్ కొనాలన్నా ఓనరు సంతకం కావాలని హాషం భాయ్ చెబితే రాసింది. ఆ సంతకం కోసం వారాలు ఆగాలని ఆయనే చెప్పిన రెండోదీ రాసింది. ముందు ఓనరు బావమరిది ఇంటి ఏసీ, తర్వాతే మిగతా ఊరు అని ఇంకో మెకానిక్ రాజనర్సయ్య చెవిలో గొణిగితే అదీ రాసింది. గోడంతా పసుపు పూసిన గడపలా కళకళలాడింది.

రఘురామ్ వచ్చి మొత్తం చదివాడు. ముఖం వెలిగిపోయింది. ఇన్ని చీటీలు, ఒకే చేతిరాత! అంటే కంపెనీలో అసంతృప్తి ఉన్నది ఒక్కరికే. మిగతావాళ్లంతా హాయిగా ఉన్నారు. ఇంత గొప్ప డేటా ఏ సర్వే ఇస్తుంది?

ఎవరు రాశారని అడిగితే ఫౌజియా లేచింది. మాట తడబడలేదు.

"రాసింది నేనే సార్. మాటలు అందరివి."

"అవునా? ఇంకెవరికైనా సమస్య ఉంటే చెయ్యెత్తండి," అన్నాడు రఘురామ్.

అందరికీ హఠాత్తుగా సమోసాల మీద భక్తి పుట్టింది. కాసేపటికి హాషం భాయ్ చెయ్యి మెల్లగా లేచింది. ఫౌజియాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం లేదు సార్," అన్నాడాయన. "ఏసీ జర తగ్గియ్యమంటరా?"

ఏసీ తగ్గించారు. నెలాఖరుకు స్టాఫ్‌లోంచి ఫౌజియానూ తగ్గించారు. కంపెనీ సమస్యలన్నీ ఒక్క దెబ్బకు తీరిపోయాయి! ఇప్పుడు చెప్పండి, వర్క్‌షాపులు దండగా? పూర్వం నోరున్న మనిషెవరో కనిపెట్టడానికి ఓనర్లకు ఏళ్లు పట్టేది. ఇప్పుడు ఒక్క పూట చాలు, సమోసాలతో సహా.

ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం ఫౌజియా మళ్లీ వచ్చిన రోజున ఆఫీసులోనే రెండో వర్క్‌షాప్ నడుస్తోంది. ఆమె సీట్లో సుష్మిత అనే కొత్తమ్మాయి కూర్చుంది. టేబుల్ మీద పసుపు చీటీల కట్ట ఉంది. ఓనరూ ట్రెయినరూ కాఫీకి వెళ్లినట్టున్నారు. హాషం భాయ్ చాయ్ పట్టుకుని ఆ అమ్మాయి పక్కకు చేరాడు.

"బిడ్డా, నీ రైటింగ్ మస్తుంటదట గదా."

గుమ్మంలో నిలబడ్డ ఫౌజియాకు ఒళ్లు మండింది. లోపలికి వెళ్లి చీటీల కట్ట తీసి ఆయన చేతిలోనే పెట్టింది. పెన్ను కూడా ఇచ్చింది.

"మీ రైటింగ్ సుత మస్తుంటది భాయ్. రాయుండ్రి."

హాషం భాయ్ ఆ ఖాళీ చీటీ వైపు చూసి, ఏసీ రిమోట్ ఎక్కడుందని అడిగాడు.