ప్రార్థనల్లో నానిన ఫోను

“స్వేచ్ఛ ఊకెనే రాదు గ్రేస్! దానికోసం మనిషి ఓపికతోని కనిపెట్టుకొని ఉండాలె!”

మావారు యెషయా గారు వంటింటి గడపలో నిలబడి ఇలా ప్రకటించారు. ఇంత గొప్ప మాటకు కారణం, నేను ఆయన ఛార్జరు పీకి మిక్సీ పెట్టడం.

“పల్లి చట్నీ గూడ ఊకెనే రాదు,” అన్నాను. “నా ఫోను సంగతేంది? చెవికి పెట్టుకుంటే పగిలిన అద్దం గుచ్చుకుంటున్నది.”

“జర ఆగు. నా కొత్తది రాంగనే ఈ పాతది నీదే.”

ఆ పాతదాని కోసం నేను కనిపెట్టుకోబట్టి రెండేళ్ల ఎనిమిది నెలలు!

మావారు శ్రీరాంపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. తన సెలవు చీటీల రహస్యాలు ప్రపంచానికి తెలిసిపోతాయని భయపడి, మనిషి మీద నిఘా పెట్టని ఫోను ఒకటి విదేశం నుంచి బుక్ చేశారు. మైకు ఆపడానికో మీట, కెమెరా ఆపడానికో మీట. ధర మా స్కూటీ కన్నా ఎక్కువ. నాలుగు నెలల్లో పంపుతామన్న కంపెనీ, పండుగ పండుగకూ ఒక మెయిలు మాత్రం పంపింది: “మీ సహనమే మా బలం!”

కంపెనీ మూడోసారి వాయిదా వేసేసరికి మావారు బుధవారం ప్రార్థన కూటంలో లేచి, “మా పార్సిల్ కోసం ప్రార్థించుండ్రి,” అన్నారు. ఫోను అనలేదు. అంటే ధర అడుగుతారు! సంఘమంతా వారం వారం మోకాళ్లూనింది. జ్వరాలు తగ్గాయి. గోదావరి దాటిపోయిన రాజయ్య బర్రె కూడా తిరిగొచ్చింది. పార్సిల్ రాలేదు.

మొన్న సోమవారం వచ్చింది. ఇటుకంత బరువు. పొద్దున నిండా ఛార్జి పెడితే అన్నం వేళకు ముందే పడుకుంది. వాట్సాప్ ఎక్కదు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నలు.

“పూర్తి స్వేచ్ఛ అంటే గిదే,” అన్నారాయన, పాత ఫోను జేబులో పెట్టుకుంటూ.

ఆదివారం కోత పండుగ. ఆరోజు మా చర్చిలో తొలి పంట కానుకగా తెచ్చి వేలం వేస్తారు. శనివారం మధ్యాహ్నం అన్నం దగ్గర మావారు గొంతు సవరించుకున్నారు.

“ప్రార్థనతోని వచ్చింది దేవునికే పోవాలె. రేపు కొత్త ఫోను కానుక పెడుత. సాక్ష్యం గూడ చెప్త!”

ఎంత త్యాగం! అంటే పాతది ఆయనకే. నాకు పగిలిన అద్దమే!

మా అత్తమ్మ మగ్దలేనమ్మ ముద్ద కలుపుతూ అడిగింది: “కొడుకా, అది పనిజేస్తదా?”

“కానుకలు పెడితే గవన్ని చూస్తరా అవ్వా?”

“చూస్తడురా. కుంటి గొర్రెను నా దగ్గరికి తేవద్దన్నడు దేవుడు. పోయినేడు రాజయ్య పుచ్చిన గుమ్మడికాయ తెస్తే, అందరి ముందట నువ్వే ఆయన్ను కడిగిపారేస్తివి గద! పెడితే మంచిగున్న ఆ పాతదే పెట్టు.”

“పాతదా! అది లేకుంటే నాకు ఒక్క పూట గడువది!”

అన్న తర్వాత ఆ మాట ఆయనకే వినిపించింది. చెయ్యి పప్పులో ఆగిపోయింది.

నేను ఇంకో గరిటె పప్పు వేసి, ఇంటి నిర్ణయం ప్రకటించాను.

“దేవునికి మన పెరట్ల గుమ్మడికాయ పెడదాం. పాత ఫోను, మీరిచ్చిన మాట ప్రకారం, నాకు. స్వేచ్ఛ మీకు. సోమవారం నుంచి ఎవ్వలన్న మీకోసం ఫోను జేస్తే, సారు ట్యాంకు కాడ ఉన్నరని నేనే చెప్త.”