జెర్రిగొడ్డుకు పది అడుగుల దూరంలో

ఆ ఆదివారం పొద్దున సాయిలక్ష్మి చేయదలచుకున్న పని చాలా చిన్నది. ఏడింటికల్లా అల్లూరు బయట ఉన్న తమ రొయ్యల గుంట కట్ట మీదికి వెళ్ళాలి. అక్కడి బొక్కలో ఉండే జెర్రిగొడ్డు పాము బయటికి వచ్చి పందికొక్కును పట్టేదాకా కదలకుండా కూర్చోవాలి. పట్టగానే నాన్నను పిలుచుకొచ్చి వేలితో చూపించాలి. నోటితో చెప్పే పని ఉండకూడదు. పదో తరగతికి వచ్చినా నాన్న ఎదుట ఆమెకు మాట పెగలదు.

అదంతా పదింటిలోగా అయిపోవాలి. పదింటికి పొక్లెయిన్ వస్తుంది. గుంటలో నీళ్ళు ఆ బొక్కలోంచే కారిపోతున్నాయని, పాముతో సహా దాన్ని మట్టేసి తొక్కించేస్తానని నాన్న కామాక్షయ్య ముందురోజే చెప్పాడు. పాములకు తవ్వడం రాదు. బొక్క తవ్వింది పందికొక్కు. దాన్ని తినడానికే పాము అక్కడ చేరింది. ఈ మూడు వాక్యాలూ సాయిలక్ష్మి నోట్సులో చక్కగా రాసుకుంది గానీ చెప్పలేకపోయింది.

బూట్లు వేసుకుని వెళ్ళింది. గడ్డి లేని చోటు చూసుకుని, బొక్కకు పది అడుగుల దూరంలో, పాము వచ్చిపోయే దారికి అడ్డం లేకుండా పక్కగా కూర్చుంది. ఎండకు తడి తువ్వాలు నెత్తిన కప్పుకుంది. జెర్రిగొడ్డుకు విషం లేదని సైన్సు టీచరు చెప్పినా, నాగుపాముకు ఇచ్చే దూరమే దీనికీ ఇచ్చింది.

ఎనిమిదింటికి వచ్చింది. ముందు తల, పెద్ద గుండ్రటి కన్ను, గాలిని రుచి చూసే నాలుక. తర్వాత వొళ్ళు. అది వస్తూనే ఉంది. ఎండుగడ్డి రంగు, తోక దగ్గరికి వచ్చేసరికి సిరాతో గీసినట్టు నల్లటి చారలు. సాయిలక్ష్మి కంటే పొడుగు. కాళ్ళు లేవు, తొందరా లేదు. ఒక్క గడ్డిపోచ చప్పుడు కాకుండా ఎండలోకి ఒలికినట్టు వచ్చి పడుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా పొలుసులు సన్నగా మెరుస్తున్నాయి. దీని మీద మట్టి పోస్తారా అనుకోగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే గేదెకు గడ్డి కోసుకోవడానికి ఊళ్ళోని రాఘవమ్మ కొడవలితో ధబధబా నడిచి వచ్చింది. పాము చటుక్కున బొక్కలోకి వెళ్ళిపోయింది. ఇక ముందుకు రావద్దని రాఘవమ్మకు సాయిలక్ష్మి అరచెయ్యి ఎత్తి చూపింది.

రాఘవమ్మ చూసింది ఇది: నెత్తిన తడిగుడ్డ, కళ్ళల్లో నీళ్ళు, ఎదురుగా పాము బొక్క. ఎవరి మొహమూ చూడని పిల్ల అభయహస్తం ఇస్తోంది. కొడవలి జారిపోయింది.

"నాగమ్మ తల్లీ, ఈ పిల్ల వొంటి మీదికి వచ్చినావా?"

మాట్లాడవద్దని సాయిలక్ష్మి వేలు పెదవుల మీద పెట్టుకుంది. "మౌనమా. అట్నే తల్లీ" అని రాఘవమ్మ వెనక్కి వెనక్కి నడిచి, కట్ట దిగి, ఊరివైపు పరిగెత్తింది.

అరగంటలో కట్ట నిండా ఆడవాళ్ళు. బొక్క చుట్టూ పసుపు, కుంకుమ, కోడిగుడ్లు, చెంబుల్లో పాలు. "బొక్కలో చేతులు పెట్టబాకండి" అని చెప్పాలని సాయిలక్ష్మికి ఉంది. అంతమంది ఎదుట అనలేక తువ్వాలు ఇంకాస్త కిందికి లాక్కుంది.

వాళ్ళలోంచి ప్రమీలమ్మ పాలచెంబుతో ముందుకు జరిగింది. "మావాడికి పోలీసు ఉద్యోగం వస్తదా తల్లీ?"

చెంబు బొక్కలోకి వంచవద్దన్నట్టు సాయిలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"రాదంట" అంది రాఘవమ్మ. "నేను ముందే చెప్పినా, ఛాతీ చాలదని."

పదింటికి పొక్లెయిన్ వచ్చింది. వెనకే కామాక్షయ్య వచ్చాడు. డ్రైవర్ మాల్యాద్రి పసుపు చూసి బండి ఆపేశాడు.

"పూజ జరిగిన చోట నేను బకెట్ దించను అన్నా. నాకు చిన్నపిల్లలుండారు."

"నీళ్ళు పోతాండాయిరా నాయనా. రొయ్యలు చచ్చినాక నీ పూజలు నేనేం చేసుకునేది?" అని కామాక్షయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏందిమే ఇదంతా?"

సాయిలక్ష్మి బొక్క వైపు వేలు చూపింది.

"మౌనంలో ఉండాది, కదిలించబాక" అంది రాఘవమ్మ.

"అయితే నేనే పూడుస్తా" అని కామాక్షయ్య పార అందుకున్నాడు.

అంతలో ఆడవాళ్ళ వెనక, కట్ట అవతలి వాలు నుంచి పిల్లికూనంత పందికొక్కు ఒకటి దూసుకొచ్చింది. ఆ బొక్కకు అటువైపు కూడా దారి ఉందని ఎవరికీ తెలియదు. దాని వెనక, గడ్డి మీద గీత గీసినట్టుగా జెర్రిగొడ్డు. కేకలు లేచాయి. చెంబులు దొర్లాయి. కామాక్షయ్య పార పైకెత్తాడు.

"నాయనా, పార దించు. ఎవురూ కదలబాకండి. దానికి దోవ ఇడవండి."

ఆ గొంతు తనదేనని సాయిలక్ష్మికి ఆలస్యంగా తెలిసింది.

"అమ్మ పలికినాది" అంది రాఘవమ్మ. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. కామాక్షయ్య చేతిలో పార కూడా మెల్లగా దిగింది.

ఆ నిశ్శబ్దంలో జెర్రిగొడ్డు పందికొక్కును నోట కరిచి, నేలకు అదిమి, తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. దవడలు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు నడిచాయి. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూశారు. మాల్యాద్రి బండి దిగి వచ్చి మరీ చూశాడు.

"పాము తవ్వలేదు నాయనా" అంది సాయిలక్ష్మి. "తవ్వినదాన్ని అది తింటాండాది."

పాము పొట్ట బరువుతో నిదానంగా మొగలిపొదల్లోకి వెళ్ళిపోయాక కామాక్షయ్య పార కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ నా రొయ్యలకు కాపలా ఉండిందా ఇది? దాన్ని ఎవురూ ఏం చేయబాకండి" అని, బొక్క ఖాళీ అయిందని కూతురు చెప్పాకే పూడ్పించాడు.

రాఘవమ్మకు మాత్రం ఒక బెంగ మిగిలింది. "అది నాగుబాము గాదే, జెర్రిగొడ్డు. పూజ ఎవురికి చేసినట్టు?"

"వాళ్ళ చుట్టమేలే" అంది ప్రమీలమ్మ.

"నాకేం పూనలేదు పెద్దమ్మా" అంది సాయిలక్ష్మి ధైర్యం చేసి. "ఊరికే పామును చూస్తా కూర్చున్నా. ఇంకోటి, అది పాలు తాగదు. ఎలకల్నే తింటది."

"అట్నా తల్లీ" అని రాఘవమ్మ భక్తిగా తల ఊపింది.

మరుసటి ఆదివారం ఆమె ఎలుకల బోనుతో మొగలిపొదల దగ్గరికి వచ్చింది. లోపలి ఎలుకకు బొట్టు కూడా పెట్టింది.